వానలో తప్పెట మోగదు

గేరి మాటలు – 23

పోయిన వారం తుగ్గలి నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. ఇంటర్ రెండో సంవత్సరం. అమ్మానాయినా సుగ్గికి పోయినారు, గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకి. తాను అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. మేము ఆదివారాలు నడిపే క్లాసుకి వస్తుంది. ఏడవలేదు, తిట్టలేదు. "అన్నా, పదికి మూడు ఏసినారు" అని మాత్రం అన్నది.

విషయం ఇది. దగ్గరి పట్టణంలో ఒక సాహిత్య సంస్థ విద్యార్థులకు పోటీ పెట్టింది. ఒక కథ ఇచ్చి, దీని ముగింపు పక్కన పెట్టి మీ సొంత ముగింపు రాయండి, అందులో కథాశిల్ప పద్ధతులు వాడండి అన్నారు. ఉపమ, రూపకం, ప్రతీక, వ్యంగ్యం అని ఒక పట్టీ కూడా ఇచ్చినారు. ఆలోచన మంచిదే. మా పిల్లల పేర్లు నేనే ఇచ్చినాను. సంస్థ పేరు, కథ పేరు, రాసినాయన పేరు చెప్పను. నా కొట్లాట మనుషులతో కాదు, ఒక అలవాటుతో.

కథ చిన్నది. ఊరి జాతర. తప్పెట కొట్టే మాదిగ ముసలాయన. ఆయన మనవడు, పదేండ్లవాడు, తేరు పగ్గం పట్టుకుంటాడు. ఊరి పెద్ద వాని చేయి వాచేటట్టు కొడతాడు. ముసలాయన నోరెత్తడు, తప్పెట ఆపడు. అప్పుడు వాన వస్తుంది. ఆ వానలో ఊరి పెద్ద ముసలాయన భుజం మీద చేయి వేస్తాడు. పెద్దాయన చెంపల మీద ఉన్నవి వాన నీళ్లో కన్నీళ్లో తెలియదు. అందరూ ఒకటే వానలో తడుస్తారు. కథ అయిపోయింది.

ఇప్పుడు మా చెల్లెలు రాసిన ముగింపు నా మాటల్లో చెప్తాను. వాన మొదలవుతుంది. ఊరోళ్లు గుడి మండపంలోకి పోతారు. తప్పెటోళ్లు బయట వేపచెట్టు కింద నిలబడతారు. చెట్టు ఎంతసేపు ఆపుతుంది? తప్పెట చర్మం నీళ్లు తాగి వదులవుతుంది. వాన రోంత తగ్గినాక పెద్దాయన "కొట్టరా, తేరు కదలాల" అంటాడు. ముసలాయన కొడతాడు. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు వస్తుంది శబ్దం. "కాచాలయ్యా, రోంత నిప్పు కావాల" అంటాడు. నిప్పు గుడిలో ఉంది. దీపాలున్నాయి, హారతి ఉంది. నిప్పు కావాలంటే ఈయన మెట్టెక్కాలి, లేదంటే లోపలోళ్లు ఆ నిప్పు తెచ్చి ఈయన చేతికియ్యాలి. రెండూ కుదరవు. ఎవరూ మాట్లాడరు. తేరు చక్రం బురదలో దిగబడి ఉంటుంది. మళ్లీ వాన పెరుగుతుంది. ముసలాయన తప్పెట తీసి మనవడి నెత్తిమీద గొడుగు పట్టినట్టు పట్టుకొని గేరి దిక్కు నడుస్తాడు.

అంతే. దీనికి పదికి మూడు. కింద ఎర్ర ఇంకుతో నాలుగు ముక్కలు: శిల్పం లేదు. ఉపమలు వాడలేదు. ఆశావాదం లోపించింది. ముగింపు అసంపూర్ణం.

మొదటి బహుమతి వచ్చిన ముగింపులో వాన వెలిసి తేరు మీద ఇంద్రధనస్సు విరుస్తుంది. ఏడు రంగులూ ఏడు కులాలంట, కలిస్తే అందమంట. ఆ పిల్లవాణ్ని ఏమీ అనను. వానికి ఎవరో అట్లా నేర్పినారు. నేర్పినోళ్లతోనే నాకు పని.

*

"వాన సమానత్వానికి ప్రతీక" అని మనకు పాఠాల్లో చెప్తారు. ఏ ఊరి వాన?

మా తుగ్గలి వాన సంగతి చెప్తాను. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర చేలల్లో జనం తలలు వంచుకొని తిరుగుతారు. వాన పైమట్టి కడుగుతుంది, రాయి మెరుస్తుందేమోనని ఆశ. చేను ఒకరిది. వంగిన నడుము ఇంకొకరిది. దొరికిన రాయికి ధర చెప్పే నోరు మూడోవానిది. ఒకటే వాన, మూడు రకాల మనుషులు. అదే వాన ముఖం చాటేస్తే రైతు అప్పు కోసం తిరుగుతాడు, కూలోడు పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి సుగ్గికి బండెక్కుతాడు. వాన అందరి మీదా పడుతుంది, నిజమే. కానీ కొందరికి మిద్దె ఉంటుంది, కొందరి నెత్తిన తప్పెట ఉంటుంది.

అదీ మా చెల్లెలు చేసిన పని. ఆ వాననే తీసుకుంది. రచయిత ఇచ్చిన ప్రతీకను పారేయలేదు, బయటినుంచి కొత్తది తేలేదు. "వానలో అందరూ ఒకటే అన్నారు గదా, చూద్దాం పాండి" అని ఆ వానను తప్పెట చర్మం మీద పడనిచ్చింది. తప్పెట కొట్టే ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు, చర్మం తడిస్తే మోగదు, జొన్న చొప్పో ఎండుగడ్డో మంట వేసి కాచాల్సిందే. కథ రాసినాయనకు అది తెలియదు. ఆయన కథలో తప్పెట వానలో కూడా నిక్షేపంగా మోగుతూనే ఉంటుంది! ఒక ప్రతీకను దాని అసలు బరువుతో తూచి చూడటం శిల్పం కాకపోతే ఇంకేది శిల్పం? "శిల్పం లేదు" అని రాసిన చేతికి తప్పెట తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిదానికి మార్కులు వేయడం తప్పు.

*

ఇదేమన్నా కొత్తగా వచ్చిన జబ్బా? కాదు. పాత కథకు కొత్త ముగింపు రాయడంలో మనకంటే ముందు చేయి తిరిగినవాళ్లు ఉన్నారు. శంబుకుడి కథే చూడండి.

రామాయణం ఉత్తరకాండలో శూద్రుడు తపస్సు చేస్తున్నాడని రాముడు తల నరుకుతాడు. దేవతలు పూలు కురిపిస్తారు. చచ్చిపోయిన బ్రాహ్మణ పిల్లవాడు లేచి కూర్చుంటాడు. ముగింపులో పూలవాన ఉంది, గమనించండి. మన కథల్లో వానకు ఆ కాలం నుంచే ఉద్యోగం దొరికింది.

తర్వాత ఎనిమిదో శతాబ్దంలో భవభూతి ఉత్తరరామచరితం రాసినాడు. ఆయన గొప్ప కవి, అందులో నాకు అనుమానం లేదు. అందుకే ఆయన దగ్గరే ఈ పాఠం నేర్చుకోవాలి. రెండో అంకంలో రాముడు కత్తి ఎత్తి తన కుడిచేతితో మాట్లాడతాడు. ఓ చేయీ, నిండుచూలాలు సీతను వెళ్లగొట్టినవాని చేతివే కదా నువ్వు, నీకు దయ ఎక్కడిది అన్నట్టు దాన్ని నిష్ఠూరమాడతాడు. తర్వాత కత్తి పడుతుంది. చంపినవాడు రాముడా, రాముడి చేయా? ఒక్క సంబోధనతో హంతకుడు తన నేరాన్ని తన చేతికి అంటగట్టి పక్కకు తప్పుకున్నాడు. పైగా దుఃఖం ఎవరిది? చచ్చేవానిది కాదు, చంపేవానిది.

అంతటితో అయిపోలేదు. చచ్చిన శంబుకుడు దివ్యపురుషుడై లేచి, చంపినందుకు రాముడికి దండం పెడతాడు. నీ చేతిలో చావడం నా భాగ్యం అంటాడు. ఆ తర్వాత దండకారణ్యంలో రాముడికి దారి చూపించి అడవిని వర్ణిస్తాడు. అనుకోండి ఒకసారి. నరికినవానికి నరకబడినవాడే తోడుగా నడుస్తున్నాడు! మన పెద్దాయన కన్నీళ్లకు, భుజం మీద చేయికి తాత ముత్తాత ఇక్కడున్నాడు.

కాబట్టి "మీరు సాహిత్యంలోకి రాజకీయాలు తెస్తున్నారు" అని మనల్ని అనేవాళ్లకు ఒకటే జవాబు. మేము తేలేదు. ముగింపులోకి రాజకీయం పన్నెండు వందల ఏండ్ల కిందటే వచ్చింది, అదీ అలంకారాల పల్లకీ ఎక్కి వచ్చింది. మేము పల్లకీ తెర తీస్తున్నాం, అంతే.

తెర తీసినవాళ్లు మనకంటే ముందూ ఉన్నారు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ నాటకం రాసినాడు. శంబుకుణ్ని బతికించలేదు, పేరులోనే వధ ఉంది. చావును అట్లాగే ఉంచి, ఆ చావు వెనక ఉన్న పురోహితుల పెత్తనాన్ని బోనులోకి లాగినాడు. ముగింపు మార్చడమంటే చివరి సంఘటన మార్చడమే కానక్కరలేదని అక్కడ నేర్చుకోవచ్చు. లెక్క ఎవరి పద్దులో రాయాలో మారిస్తే ముగింపు మారుతుంది.

మన ఆదోని దాటితే కన్నడ సీమ. అక్కడ కువెంపు 1944లో శూద్ర తపస్వి రాసినాడు. అందులో రాముడు వదిలిన బాణం శంబుకుడి మీదికి పోదు, శంబుకుణ్ని చంపమని వచ్చిన బ్రాహ్మణుని మీదికే తిరుగుతుంది. మాస్తి వెంకటేశ అయ్యంగార్ లాంటి పెద్ద కథకుడే పాత కథను ఇట్లా మార్చకూడదని అభ్యంతరం చెప్పినాడు. భవభూతి మారిస్తే కావ్యం, కువెంపు మారిస్తే అపచారం! కొత్త ముగింపు రాసే హక్కు అందరికీ ఉంటుంది గానీ, ఏ దిక్కుకు మార్చినావు అన్నదాన్ని బట్టి మార్కులు పడతాయి. ఆ సంగతి మా తుగ్గలి పిల్లకు పదికి మూడుతో తెలిసింది.

కువెంపు మీద నాకు ఎంత గౌరవమున్నా ఒక పేచీ ఉంది. చివరికి ఆ బ్రాహ్మణునికి కనువిప్పు కలుగుతుంది. బాణం తిరగడం అద్భుతమైన వ్యంగ్యం. కానీ ఆ వ్యంగ్యం కూడా పోయి పోయి ఒక మనసు మారడం దగ్గరే ఆగుతుంది. మనసు మారడం చెడ్డదని నేననను. మారిన మనసు మెట్టు దిగి నిప్పు ఇచ్చిందా అని అడుగుతాను.

*

ఇప్పుడు మనోళ్ల సంగతి. ఊరికే వాళ్లనే తిడితే ఈ గేరి మాటలు ఎందుకు?

అదే పోటీకి మా క్లాసు నుంచి ఇంకో తమ్ముడు రాసినాడు. వాని ముగింపులో ముసలాయన తప్పెట పారేసి కొడవలి పట్టుకుంటాడు. గేరి గేరంతా కదులుతుంది. పెద్దాయన కాళ్ల మీద పడతాడు. తూర్పున ఎర్రసూర్యుడు. ఇంకొకడు మన ఊరి పద్ధతిలో రాసినాడు: వాన కడిగిన మట్టిలో మనవడికి వజ్రం దొరుకుతుంది, వాడు పెరిగి కలెక్టరై వస్తాడు. రెండూ చదివి నవ్వినాను. తర్వాత సిగ్గుపడినాను, ఎందుకంటే వాళ్ల వయసులో నేను రాసినవి ఇవే.

వజ్రం ముగింపు, ఎర్రసూర్యుడి ముగింపు, ఇంద్రధనస్సు ముగింపు, మూడూ ఒకే తండ్రి పిల్లలు. కథ లోపల ఏ మనిషీ చేయని పనిని బయటినుంచి వచ్చినదేదో చేసిపెడుతుంది. పాఠకుడు గుండె మీద చేయి వేసుకొని పడుకుంటాడు. పొద్దున లేస్తే తేరు పగ్గం ఎవరి చేతిలో ఉందో వానికి గుర్తుండదు.

నిజమైన ముగింపులు ఎట్లుంటాయో మనకు తెలియదా? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికినారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి మనోళ్లు కొట్లాడినారు. పదహారేండ్ల తర్వాత, 2007లో, ఆ కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది. అక్కడ కథ ఆపి ఉంటే ఎర్రసూర్యుడి ముగింపే. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఎనిమిది మంది చచ్చినారు, చంపినోడు ఎవడూ లేడు. ఇది ఏ కథకుడూ రాయడానికి సాహసించని ముగింపు.

ఆ ముగింపులో కూడా ఒక భాషా పద్ధతి ఉంది. పేపర్లు తీసి చూడండి. "దాడి జరిగింది", "హత్యకు గురయ్యారు", "ఘర్షణ చోటుచేసుకుంది". తెలుగులో "జరిగింది" అన్న మాటంత దయగల మాట ఇంకొకటి లేదు. ఎవరు చేసినారో అడగదు. వాన పడినట్టు, పొద్దు కుంకినట్టు, దాడి దానంతటదే జరుగుతుంది. మీరు ఏ కథకైనా కొత్త ముగింపు రాసేటప్పుడు ముందు చివరి పేజీలో "జరిగింది"లన్నీ గుర్తుపెట్టి, ఒక్కోదాన్నీ "ఎవరు?" అని అడగండి. సగం ముగింపు అక్కడే మారిపోతుంది.

*

"అయితే అన్నా, శిల్పం మనకెందుకు, సూటిగా రాసేద్దాం" అనే తమ్ముళ్లున్నారు. వాళ్లతో నాకు ఇంకా పెద్ద పేచీ.

తప్పెట సూటిగా ఉంటుందా? చావుకు ఒక దెబ్బ, పెండ్లికి ఒక దెబ్బ, జాతరకు ఒకటి, దండోరాకు ఒకటి. దెబ్బ విని ఊరవతలి మనిషి కూడా చెప్తాడు, ఇది పీనుగ లేచిందనా, పెండ్లి కదిలిందనా అని. చర్మం తీయడం, ఊనడం, చట్రానికి బిగించడం, కాచడం, ఇన్ని పనులు తెలిసిన జాతికి శిల్పం రాదని ఎవడన్నా అంటే నవ్వాలి. మనమే అనుకుంటే ఏడవాలి.

జాషువా 1941లో గబ్బిలం రాసినాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రేయసికి కబురు పంపితే, జాషువా అంటరానివాడు గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. ఎందుకు గబ్బిలం? హంస, చిలుక, మేఘం అన్నీ పెద్దోళ్ల దూతలు. గబ్బిలాన్ని అపశకునమంటారు, కానీ అది గుడి లోపలే వేలాడుతుంది. ఈ మనిషికి ఆ గుడిలోకి అడుగు లేదు. ఒక్క పక్షిని మార్చి మొత్తం సందేశకావ్య సంప్రదాయాన్ని తలకిందులు చేసినాడు. పద్యం వాళ్లదే, ఛందస్సు వాళ్లదే, దూత మాత్రం మనది. ఇది సూటిగా తిట్టినదానికంటే లోతుగా దిగింది.

దండోరా మాట చూడండి. ఊరి పెద్దల ఆజ్ఞ చాటింపు వేయడానికి మాదిగోని మెడలో వేసిన పని అది. 1994 జులైలో ఈదుమూడిలో మొదలైన ఉద్యమం ఆ పేరునే తీసుకుంది. వాళ్ల మాట చాటిన తప్పెట మన మాట చాటడం మొదలుపెట్టింది. వర్గీకరణ మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఒక మాటను ఇట్లా తిప్పిన పని మాత్రం కథలు రాసే ప్రతివాడూ నేర్చుకోవాలి.

కాబట్టి విద్యార్థులకు నాకు తోచిన నాలుగు మాటలు. కొత్త ముగింపుకు కావలసిన సామాను కథ లోపలే వెతకండి. తప్పెట మొదటి పేరాలో ఉంటే, చివరి పేరాలో అది ఏం చేస్తుందో చూడండి. ఉపమ వేసే ముందు అది ఎవరి బరువు దించుతోందో అడగండి, కొట్టినవానిదా, దెబ్బ తిన్నవానిదా? వ్యంగ్యం కావాలంటే వాళ్ల మాటను వాళ్లకే వినపడేటట్టు మళ్లీ చెప్పండి, "అందరూ ఒకటే" అన్నారు గదా, నిప్పు అడగండి. ఇంక, మౌనం కూడా ఒక పద్ధతే, కానీ మౌనంగా ఉన్నది ఎవరో కనపడాలి. ముసలాయన మౌనం అనాదిగా రాస్తూనే ఉన్నారు. మా చెల్లెలు మండపంలో ఉన్నోళ్ల మౌనం రాసింది.

*

చివరికి నా తప్పు చెప్పాలి.

పోటీకి పంపే ముందు ఆ పిల్ల నాకు చూపించింది. చదివి బాగుందన్నాను. బాగుందని, దాని వెంబడే "చివర్లో రోంత ఆశ పెట్టు పాపా, లేకుంటే వాళ్లు మార్కులు వేయరు" అన్నాను. ఇన్నేండ్లు ఉద్యమంలో తిరిగిన నా నోట్లోంచే ఆ మాట వచ్చింది. ఆ ఎర్ర ఇంకు చేయికి, నా నోటికి తేడా ఎంత?

ఆమె నన్ను చూసి అన్నది: "పెట్టినాను గదన్నా. పిల్లోడు తడవలేదు గదా."

నాకు ఆ ఆశ కనపడలేదు. దేవుని ముందు మోగాల్సిన తప్పెట మనవని నెత్తిన గొడుగైంది. తేరు ఆగిపోయింది, పిల్లోడు తడవలేదు. ఆశ అంటే ఇంద్రధనస్సే అని నాకూ ఎక్కడో ఎక్కి కూర్చుంది. గేరిలో ఆశ అంత ఎత్తున ఉండదు, నెత్తికి జానెడు పైన ఉంటుంది.

మా జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మధ్యమధ్య వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మడకతో చేను దున్నినట్టు పోయి, మళ్లుకొని వస్తాయి. ఒకటే దిక్కు చదివితే సగం అర్థం కాదు. ముగింపును కూడా అట్లాగే చదవాలి. చివరి వాక్యం దాకా పోయి, అక్కడినుంచి వెనక్కి మళ్లాలి. భుజం మీద పెద్దాయన చేయి కనపడితే, ఆ చేయే పొద్దున పిల్లోణ్ని కొట్టిందని వెనక్కి పోయి చూడాలి.

వచ్చే ఆదివారం తుగ్గలిలో మా క్లాసులో ఆ పదికి మూడు ముగింపును అందరి ముందూ ఆ చెల్లెలే చదువుతుంది. గేరి ముసలోళ్లనూ పిలిచినాం. మార్కులు వాళ్లు వేస్తారు. తప్పెట తెలిసినోళ్లు గదా.

వచ్చే వారం: పాఠ్యపుస్తకాల్లో మన ఊరి బొమ్మ గీసినప్పుడు గేరి ఎందుకు కనపడదు?

జై భీమ్.